గోగునార వాసన

సిగరెట్టు తాగేవాళ్ళు పనికిరారు. గుట్కా నమిలేవాళ్ళు అసలే పనికిరారు. జలుబు ఉండకూడదు, సెంటు పూసుకోకూడదు, ఆ పూట ఉల్లిపాయ ముట్టకూడదు. ఇన్ని షరతులు పెట్టి ఘాజియాబాద్‌లోని ఆ ఫ్యాక్టరీలో మంచి ముక్కుల కోసం వెతికితే చివరికి మిగిలినవి మూడే: ఇంజనీరు సాయిసుధది, నార విభాగం మేస్త్రీ ధర్మయ్యది, అతని అల్లుడు నానిది. ముగ్గురూ శ్రీకాకుళం వైపువాళ్ళే. అది కూడా ఒక అదృష్టమే అనుకుంది సాయిసుధ. పనికి పని, మాటకు మాట.

ఆ ఫ్యాక్టరీలో కారు తలుపుల లోపలివైపు అమర్చే రేకులు చేస్తారు. ప్లాస్టిక్కుతో కాదు. గోగునారను దూదిలా ఏకి, పరుపులా పరిచి, జీడిపిక్కల పెంకుల నూనె నుంచి తీసిన జిగురు పట్టించి, వేడి ప్రెస్సు కింద అదుముతారు. తేలిగ్గా ఉంటుంది, గట్టిగా ఉంటుంది, కారు పాతబడ్డాక మట్టిలో కలుస్తుంది. ఇన్ని సుగుణాలున్న రేకుకి ఒక్కటే పరీక్ష మిగిలింది, వాసన పరీక్ష. ఢిల్లీ ఎండలో తలుపులు మూసి నిలబెట్టిన కారు ఎలా కాగుతుందో అందరికీ తెలిసిందే. అందుకని రేకు ముక్కను గాజు సీసాలో పెట్టి, మూత బిగించి, పొయ్యిలో వేడిచేసి, తర్వాత మూత కాస్త జరిపి వాసన చూస్తారు. ఒకటి నుంచి ఆరు దాకా మార్కులు. ఒకటంటే వాసనే లేదు. ఆరంటే భరించలేం. మూడు దాటితే సరుకు వెనక్కి వస్తుంది.

సోమవారం పొద్దున ముగ్గురూ వరసగా నిలబడి సీసా మీదికి వంగారు. ధర్మయ్య కళ్ళు మూసుకుని, దేవుడి దగ్గర హారతి కళ్ళకద్దుకున్నంత భక్తిగా పీల్చాడు.

"ఏటీ నేదమ్మా. ఒకటిన్నర ఏసుకో," అన్నాడు.

నాని రెండు వేశాడు, మామగారి కంటే కాస్త కటువుగా ఉండాలని. సాయిసుధ కూడా రెండే వేసింది. సీసాలోంచి వచ్చిన ఆ వెచ్చని ఆవిరి ఆమెకి బాగుంది కూడాను. ఎందుకు బాగుందో ఆలోచించలేదు.

మధ్యాహ్నం గురుగ్రామ్ నుంచి నేహా ఫోన్ చేసింది. కారు కంపెనీ ల్యాబులో ఈ పరీక్షలన్నీ చూసేది ఆమే. పోయిన వారం పంపిన ముక్కలకు తమ ముక్కులు ఐదు వేశాయని, ఒకాయన మాత్రం ఆరు వేసి బయటికి నడిచాడని చెప్పింది. ఏ వాసన వస్తోందని సాయిసుధ అడిగితే, నేహా పల్లెటూరి వాసన అంది. పశువుల కొట్టం పక్కన తడిసిన గోనెసంచి ఉన్నట్టు.

సాయిసుధకి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఫోన్ పెట్టేసేసరికి ఆ ముక్కు ఎర్రబడింది. యజమాని సుధీంద్ర గదిలోకి వెళ్ళి, ఇది పరీక్ష కాదు, పల్లెటూరంటే వాళ్ళకున్న చులకన అంది. కొత్త కార్లకొచ్చే ప్లాస్టిక్కు కంపుని సువాసనలా పీల్చుకునే మనుషులు మన నారకి వంక పెడుతున్నారు అంది. ఆయన అంతా విన్నాడు. మంచివాడే, కానీ మూడేళ్ళుగా మంచితనంతోనే నెట్టుకొస్తున్నాడు. శనివారం ఇంకోసారి పరీక్షకి ఒప్పించానని, అదే ఆఖరని చెప్పాడు. ఈసారీ పోతే గోగునార ఆపేసి, గాజునారతో మామూలు రేకులు మొదలుపెట్టక తప్పదన్నాడు. అంటే ధర్మయ్య నార ఏకే విభాగం మూతపడుతుంది. సాయిసుధ మూడేళ్ళ పని అటకెక్కుతుంది.

ఆమె బయటికి వచ్చేసరికి ధర్మయ్య కొత్త కట్ట విప్పి, నారని ముంజేతి మీద పరుచుకుని వెలుతురుకి పెట్టి చూస్తున్నాడు. తన సొంత ఊరి నుంచి లారీలో వచ్చిన సరుకది.

"బంగారం నాగుందమ్మా," అన్నాడు, ఏమీ తెలియక.

* * *

మయూర్ విహార్‌లో ఇంటి తలుపు తీయగానే అత్తగారు అన్నపూర్ణేశ్వరి మామూలుగా చేసే పనే చేసింది. కోడలి భుజం మీద సంచీ తీసుకుని బాల్కనీలో పెట్టింది. చున్నీ తీసుకుని దులిపి, బాల్కనీ తాడు మీద ఆరేసింది. స్నానానికి వేడినీళ్ళు సిద్ధంగా ఉన్నాయంది. సాయిసుధ ఈ ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఇదే తంతు. వరుణ్ ఆఫీసు నుంచి వస్తే అతని సంచీ సోఫాలో పడి ఉండొచ్చు, అతని సాక్సులు టీపాయ్ కింద సంసారం చేయొచ్చు. కోడలి చున్నీకి మాత్రం ఇంట్లో చోటు లేదు. మొదట్లో మడీ ఆచారం అనుకుంది సాయిసుధ. కానీ ఆ ఇంట్లో మడి అంటూ ఏమీ లేదు. ఫ్యాక్టరీలో కూలీల మధ్య తిరిగి వచ్చిందనేమో అని ఒకసారి అనుమానం వచ్చింది. అడగలేదు. మిగతా అన్నిటిలోనూ కన్నతల్లిలా చూసే మనిషిని ఒక చున్నీ కోసం ఏమడుగుతుంది?

ఆ సాయంత్రం మాత్రం స్నానానికి వెళ్తూ ఆగి, తాడు మీద ఊగుతున్న చున్నీ వైపు చూసింది.

టీ తాగుతూ జరిగిందంతా చెప్పింది. వరుణ్ ఢిల్లీలోనే పుట్టి పెరిగాడు. తెలుగు మొత్తం అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. "ఛోడో యార్, వో లోగ్ ఐసే హీ హైఁ," అని, వాళ్ళంతే వదిలెయ్ అన్నట్టు భార్య పక్షం వహించి ఫోన్‌లోకి తల దించేశాడు. సాయిసుధ అత్తగారి వైపు చూసింది. అన్నపూర్ణేశ్వరిది తెనాలి. ముక్కుసూటి మనిషని కాలనీ అంతా పేరు. అసోసియేషన్ ప్రెసిడెంటు గృహప్రవేశంలో ఆయన ముందే, సాంబారు గిన్నెలు కడిగిన నీళ్ళలా ఉందని చెప్పి వచ్చిన మనిషి. ఇప్పుడు ఆ గురుగ్రామ్ వాళ్ళని నాలుగు దులుపుతుందని కోడలి ఆశ.

అన్నపూర్ణేశ్వరి తల వంచుకుని కొత్తిమీర తుంచుతోంది.

"వాళ్ళ ముక్కులు వాళ్ళవిలేమ్మా," అని మాత్రం అంది.

* * *

మంగళ, బుధవారాలు సాయిసుధ జిగురుతో కుస్తీ పట్టింది. వాసనంటూ ఉంటే అది జీడిపిక్కల నూనెదే అయి ఉండాలని ఆమె గట్టి నమ్మకం. ఆ నూనె ఘాటు ఎలాంటిదో జీడిపిక్కలు కాల్చిన ఎవరికైనా తెలుసు. ప్రెస్సులో వేడి పెంచింది, రేకుల్ని పొయ్యిలో ఇంకాసేపు ఉంచింది. గట్టిపరిచే మందు పాళ్ళు మార్చింది. బుధవారం సాయంత్రం ముగ్గురూ మళ్ళీ సీసా మీదికి వంగారు. ధర్మయ్య ఈసారి ఏకంగా ఒకటి వేశాడు. గురుగ్రామ్ వాళ్ళకి అంతకుముందు పంపిన ముక్కలకీ తాము ఇలాగే రెండూ ఒకటిన్నరా వేసుకున్నామని అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి. తమకి రెండైనది వాళ్ళకి ఐదు ఎలా అయింది?

బయటి ముక్కు ఒకటి కావాలి. పక్షపాతం లేని ముక్కు. నిజం చెప్పడానికి మొహమాటపడని ముక్కు. అలాంటిది తన ఇంట్లోనే ఉందని తట్టేసరికి సాయిసుధకి ప్రాణం లేచొచ్చింది. అత్తగారితో రెండు వేయించి, శనివారం నేహా ముందు ధైర్యంగా నిలబడొచ్చు.

మూడు గాజు సీసాలు ఇంటికి తెచ్చింది. ఒకదానిలో జిగురు మాత్రమే గడ్డకట్టించిన బిళ్ళ, ఒకదానిలో ఉత్త నార, మూడోదానిలో తయారైన రేకు ముక్క. లోపలున్నది కనిపించకుండా సీసాలకి కాగితం చుట్టి, ఇడ్లీ కుక్కర్‌లో నిలబెట్టి, సన్నని మంట మీద వేడిచేసింది. అన్నపూర్ణేశ్వరి వంటింటి గుమ్మంలో నిలబడి అదంతా చూస్తూ, తనకి పొద్దుటి నుంచీ పడిశంగా ఉందని చెప్పింది.

"పొద్దున పోపు మాడుతోందని హాల్లోంచి అరిచారు కదత్తయ్యా," అంది సాయిసుధ.

ఆవిడ ఇంక తప్పదన్నట్టు వచ్చి స్టూలు మీద కూర్చుంది. మొదటి సీసా మూత జరిపితే వంగి చూసి, మందులషాపులోకి వెళ్ళినట్టుందని, పరవాలేదని, రెండు వేసింది. అది జిగురు. సాయిసుధ నమ్మకం అక్కడే కొంచెం కదిలింది. రెండో సీసా మూత జరిపింది. అన్నపూర్ణేశ్వరి వంగింది, వెంటనే వెనక్కి జరిగింది. కొంగు ముక్కు దాకా వచ్చి, కోడలు చూస్తోందని గుర్తొచ్చి, మళ్ళీ ఒడిలోకి జారింది. కళ్ళలో మాత్రం నీళ్ళు తిరిగాయి.

సాయిసుధ ఆ సీసా తీసుకుని తను చూసింది. ఎప్పటిలాగే బాగుంది. వానలు వెళ్ళిపోయాక, ఊరి పక్క పారే గెడ్డలో వారాల తరబడి నానేసిన గోగుకట్టలు పైకి లాగి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఊరంతా నార తీసే రోజుల వాసన. సాయంత్రం అమ్మ ఇంటికొచ్చి దగ్గరికి తీసుకుంటే వచ్చే వాసన.

అప్పుడు తెలిసింది ఆమెకి. జిగురుది కాదు. నారది. కుళ్ళిన నీళ్ళలో ఊరిన నారకి కంపు కాక మరేముంటుంది? ధర్మయ్యకీ నానికీ తనకీ అది ఇంటి వాసన. కాకి పిల్ల కాకికి ముద్దన్నట్టు, మూడు కాకులు కూర్చుని మార్కులు వేసుకున్నాయి. గురుగ్రామ్ వాళ్ళది చులకన కాదు. నేహా నిజమే చెప్పింది.

ఆ వెంటనే, బాల్కనీలో తాడు మీది చున్నీ గుర్తొచ్చింది.

"మూడేళ్ళుగా నా బట్టలు బయట ఆరేసేది దీనికేనా అత్తయ్యా?"

అన్నపూర్ణేశ్వరి లేచి కిటికీ తీసింది. పొయ్యి ఆపింది. మళ్ళీ వచ్చి కూర్చుంది.

"అందరికీ అన్నీ మొహం మీదే చెప్పేస్తారు. నాకెందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పనే?" అంది అత్తగారు. "మీ పెళ్ళి మాటలకి విశాఖపట్నం వచ్చాం చూడు. మీ అమ్మ ఊళ్ళో పని మధ్యలోంచి లేచొచ్చింది. నార తీసే రోజులండీ, ఎంత తోముకున్నా పోలేదు, ఏమీ అనుకోకండి అని దూరంగా కూర్చుంది. నా చెయ్యి పట్టుకోవడానిక్కూడా మొహమాటపడింది పిచ్చిది. నేనే వెళ్ళి పట్టుకున్నాను. మర్నాటి దాకా నా చేతికి ఉంది ఆ వాసన."

సాయిసుధ సీసాని ఒళ్ళో పెట్టుకుని వింటోంది.

"నువ్వీ ఉద్యోగంలో చేరిన రోజు ఇంట్లోకి రాగానే గుర్తుపట్టాను. అప్పటికి ఆవిడ పోయి ఏడాది కూడా కాలేదు. మీ అమ్మ దగ్గర వచ్చే వాసనని పట్టుకుని కంపు అని ఎలా అంటానమ్మా? అలాగని ఇంట్లో పెట్టుకోనూ లేను. నా ముక్కు సంగతి నీకు తెలుసుగా. అందుకని గాలికి ఆరేసేదాన్ని."

వరుణ్ నీళ్ళ కోసం వంటింట్లోకి వచ్చి, అత్తాకోడళ్ళ మొహాలు చూసి, "క్యా హువా?" అన్నాడు. సీసా కొడుకు ముక్కు ముందు పెట్టింది అన్నపూర్ణేశ్వరి. అతను దగ్గుతూ పారిపోయాడు. అప్పుడిద్దరికీ నవ్వొచ్చింది.

* * *

గురువారం పొద్దున్నే సాయిసుధ ధర్మయ్యకి విషయం చెప్పింది. ఆయన నమ్మలేదు. గుప్పెడు నార ముక్కు దగ్గర పెట్టుకుని, తిప్పి తిప్పి చూసి, ఇందులో కంపేటమ్మా అన్నాడు. నాని మాత్రం తల గోక్కుని, కొత్తగా పెళ్ళయినప్పుడు తన భార్య పుట్టింటి నుంచి వచ్చిన గోగునార పరుపుని తన తల్లి ఎందుకు మేడ మీద పడేసిందో ఇప్పుడర్థమైందన్నాడు. అతని తల్లిది రాజమండ్రి.

పెద్ద డేగిశాల్లో నీళ్ళు కాచి, చాకలిసోడా కలిపి, నారని ముంచి ఉడికించారు. నీళ్ళు తేనె రంగుకి, తర్వాత కషాయం రంగుకి తిరిగాయి. వంచేసి, మంచినీళ్ళలో జాడించి, మళ్ళీ ఉడికించి, మళ్ళీ జాడించారు. ఏప్రిల్ ఎండలో ఫ్యాక్టరీ డాబా మీద తాళ్ళు కట్టి ఆరేశారు. ధర్మయ్య ఒక్కో జడనీ విదిలించి ఆరేస్తూ, పిల్లకి గుండు కొట్టించిన తల్లిలా దిగులుగా ఉన్నాడు. బంగారు రంగు పోయి, నార పాలిపోయి గడ్డిలా అయింది.

"సేసీసినాం కదమ్మా, ఇంక ఏటీ మిగల్నేదు దీనికి," అన్నాడు.

ఏమీ మిగలకూడదనే కదా అని చెప్పబోయి సాయిసుధ ఊరుకుంది. ఆ మాట తనకే బాగోలేదు.

శుక్రవారం అన్నపూర్ణేశ్వరి ఘాజియాబాద్ వచ్చింది. తలకి నూనె రాసుకోకుండా, పూలు పెట్టుకోకుండా, పొద్దున వట్టి పెరుగన్నం తిని, పరీక్షకి వెళ్ళే పిల్లలా వచ్చింది. అక్కడ ఎవరినీ పలకరించకుండా నేరుగా సీసాల దగ్గరికి వెళ్ళింది. ఎప్పటి ముగ్గురూ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. కొత్త రేకు ముక్క ఉన్న సీసా మూత జరిపితే వంగి, మొహమాటం లేకుండా రెండు ముక్కుపుటాలతో పీల్చింది. ఒకసారి కాదు, రెండుసార్లు.

"లేదమ్మా," అంది. "ఏమీ లేదు."

సుధీంద్ర ఊపిరి పీల్చుకున్నాడు. నాని టీ తేవడానికి పరిగెత్తాడు. అన్నపూర్ణేశ్వరి మాత్రం ఇంకోసారి సీసాలోకి చూసి, కోడలి మొహంలోకి చూసింది.

* * *

శనివారం గురుగ్రామ్‌లో చల్లని తెల్లని గదిలో పరీక్ష జరిగింది. రేకు తయారుచేసిన వాళ్ళు వాసన చూడకూడదని నియమం. సాయిసుధ అద్దం అవతల కుర్చీలో కూర్చుని, ఒక్కొక్కరూ వంగడం, లేవడం, రాయడం చూసింది. పోయినసారి బయటికి నడిచినాయన కూడా ఉన్నాడు. ఆయన వంగినప్పుడు ఆమె తన ఊపిరి తను బిగబట్టింది. ఆయన లేచాడు, మళ్ళీ వంగాడు, సీసాని అటూ ఇటూ తిప్పాడు. అందులో అసలు ముక్క పెట్టారా అని నేహాని అడిగాడట.

రెండుతో పాసయింది. నేహా బయటికి వచ్చి చెయ్యి కలిపింది. ఆ రోజు పల్లెటూరి వాసన అన్నందుకు తనకి తర్వాత బాధేసిందని, తన నానమ్మ ఊళ్ళోనూ కొట్టం ఉందని చెప్పింది. మీరు ఉన్నదే చెప్పారు, తప్పు నా ముక్కుది అంది సాయిసుధ. అందరూ వెళ్ళాక, ఆ సీసా ఒక్కసారి చూడనిమ్మని అడిగింది. మూత తీసి మొహం దగ్గర పెట్టుకుంది. వెచ్చటి గాజు, కాస్త కాగితం లాంటి వాసన, అంతే. ఇంకా లోపలికి పీల్చింది. నిజంగానే ఏమీ లేదు.

గెలిచింది. సంతోషంగానే ఉంది. ధర్మయ్యకి ఫోన్ చేసి చెబితే ఆయన అటు నుంచి ఏడ్చినంత పని చేశాడు. ఫోన్ పెట్టేశాక, మెట్రోలో నిలబడి, చున్నీ కొస ఎవరూ చూడకుండా ముక్కు దగ్గర పెట్టుకుంది. అక్కడా లేదు. మూడు రోజులుగా ఆమె ముట్టుకున్నదంతా సోడాతో కడిగిన నారే. ఇంక ముందు కూడా అంతే. అమ్మ ఇంకోసారి పోయినట్టనిపించి, రాడ్డు పట్టుకుని కిటికీ వైపు తిరిగింది.

రైలు మారాల్సిన చోట, ఐఎన్ఏలో, బయటికి వెళ్ళి మార్కెట్లో గోంగూర కట్టలు కొంది. అత్తగారికి మరో బహుమానం ఆమెకి తట్టలేదు.

తలుపు తీసి, మొహం చూసి, పాసయిందని గ్రహించి, అన్నపూర్ణేశ్వరి కోడలి బుగ్గలు పుణికింది. అలవాటు ప్రకారం సంచీ, చున్నీ తీసుకుని బాల్కనీ వైపు నడిచింది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. చున్నీని ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. ఇంకోసారి చూసింది. వెనక్కి వచ్చి, హాల్లో తన శాలువా తగిలించే కొక్కేనికే దాన్నీ తగిలించింది. సంచీ సోఫాలో పెట్టింది.

సాయిసుధ చెప్పులు విప్పుతూ అది చూసింది. మూడేళ్ళుగా కోరుకున్నది అదే. ఇప్పుడు చూస్తే ఎందుకో ఏడుపొచ్చింది. దాచుకోలేకపోయింది.

అన్నపూర్ణేశ్వరి లోపలికి వెళ్ళి, తన బీరువా తెరిచి, పట్టుచీరల వెనక నుంచి ఒక స్టీలు డబ్బా తెచ్చింది. ప్రయాణాల్లో పచ్చడి కారకుండా పట్టుకెళ్ళే బిగుతు మూత డబ్బా. దాని చుట్టూ ప్లాస్టిక్ కవరు, కవరు చుట్టూ పాత తువ్వాలు.

"బుధవారం నువ్వు తెచ్చిన ఉత్త నార," అంది. "మర్నాడు పారేద్దామని చెత్తబుట్ట దాకా వెళ్ళాను. చెయ్యి రాలేదు. ఉంచుకో. మూత మాత్రం నా ముందు తియ్యకు తల్లీ."

సాయిసుధ బాల్కనీలోకి వెళ్ళి కింద కూర్చుంది. తువ్వాలు విప్పి, కవరు విప్పి, డబ్బాని పొట్టకి ఆనించుకుని మూత లాగింది. గోగు, గెడ్డ, అమ్మ చేతులు, అన్నీ ఒక్కసారే వచ్చాయి. ఆ బంగారు రంగు నార మీదికి తల వంచి అలాగే ఉండిపోయింది.

వెనక దోమల తెర తలుపు చప్పుడైంది. అన్నపూర్ణేశ్వరి గోంగూర కట్టలు, పళ్ళెం పట్టుకుని వచ్చింది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కోడలి పక్కనే చతికిలబడింది. డబ్బా మూసేయమనలేదు. ఒక చేత్తో ఒక ఆకు తుంచింది, ఇంకో ఆకు తుంచింది, కాడ జారిపోయింది. గోంగూర వలవడానికి రెండు చేతులూ కావాలి. కాసేపటికి కొంగు వదిలేసింది.